వార్తల్లో పదం: స్టెప్-అప్ చికిత్స

భిలాయ్ తెలుగువాళ్లకు ‘సెక్టార్-9’ అంటే ఉక్కు కర్మాగారం వారి జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రే. పైకడుపులో మొదలై వీపులోకి పాకే విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు ఉంటే వెంటనే అలాంటి పెద్దాసుపత్రికే వెళ్లాలి. అది క్లోమం వాపు, అంటే పాంక్రియాటైటిస్ కావచ్చు. పిత్తాశయంలో రాళ్లు, మద్యం దీనికి ప్రధాన కారణాలు. చాలామందికి సెలైన్, నొప్పి మందులతో తగ్గిపోతుంది.

ముదిరితే క్లోమంలో కొంత చచ్చి, చీము పడుతుంది. ఒకప్పుడు పొట్ట కోసి తీసేసేవారు. ఇప్పుడు యాంటీబయాటిక్స్ ఇస్తూ, వీలైతే 4 వారాలు ఆగుతారు, చుట్టూ గోడ కట్టేదాకా. (ఈ ఆగడం బంధువులకు మింగుడుపడదు!) తర్వాత గొట్టంతోనో, ఎండోస్కోపీతోనో చీము తీస్తారు. చాలకపోతేనే చచ్చిన భాగం తొలగిస్తారు. ఇలా మెట్టుమెట్టుగా సాగేదే స్టెప్-అప్ చికిత్స. 2010లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో పెద్ద ఆపరేషన్ జరిగినవారిలో 69 శాతం మందికి తీవ్ర సమస్యలో, మరణమో ఎదురైతే, ఈ పద్ధతిలో 40 శాతమే. స్టెప్-అప్ చికిత్స పొందినవారిలో 35 శాతం మందికి గొట్టంతోనే సరిపోయింది.