ఈది ఒడ్డెక్కాక తల తిరిగితే... తొలి 3 నిమిషాల లెక్క

చెవి డాక్టర్ల దగ్గర ఒక పాత పరీక్ష ఉంది. మనిషిని పడుకోబెట్టి ఒక చెవిలోకి 30 డిగ్రీల నీటిని అర నిమిషంపాటు పోస్తారు. కాసేపాగి 44 డిగ్రీల నీటిని పోస్తారు. ఒంటి వేడి 37 డిగ్రీలు కాబట్టి మొదటిది దానికి 7 డిగ్రీలు తక్కువ, రెండోది 7 డిగ్రీలు ఎక్కువ. ఆ కాస్త తేడాకే ఏ జబ్బూ లేని మనిషికి కూడా గది గిర్రున తిరుగుతుంది, కనుగుడ్లు వాటంతటవే పక్కకు కొట్టుకుంటాయి. అలా జరగకపోతేనే చెవి లోపల ఏదో లోపం ఉందని డాక్టర్లు అనుమానిస్తారు. ఈ పరీక్షకు దారి చూపిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీకి 1914 నోబెల్ బహుమతి దక్కింది. ఆ కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు.

ఇప్పుడు మన సముద్రాన్ని చూడండి. విశాఖ తీరంలో నీరు ఏడాది పొడవునా సుమారు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. గోరువెచ్చగా ఉందని మనం సంబరపడే ఆ నీరు, ఆసుపత్రిలో తల తిరిగేలా చేయడానికి వాడే చల్లనీళ్లతో సమానం, చాలా రోజుల్లో ఇంకా చల్లన. ఇంగ్లిష్ చానల్‌లో ఈత కాలంలో నీరు 15 నుంచి 18 డిగ్రీలు. అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ శని, ఆదివారాల్లో సాన్‌ఫ్రాన్సిస్కో బేలో దిగే మన కుర్రాళ్లకు చాలాసార్లు అంతకన్నా చల్లటి నీరే ఎదురవుతుంది. అంటే తేడా 7 కాదు, 20 డిగ్రీల పైమాటే. అందులో గంటసేపు ఈది వచ్చినవాళ్లు ఇసుకలో తూలితే సిగ్గుపడాల్సిన పనిలేదు. పట్టించుకోకుండా వదిలేయడానికీ లేదు. తల తిరగడం ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది అనే రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటే కారణం సగం దొరికినట్టే.

చెవితోనే మొదలుపెడదాం. లోపలి చెవిలో ద్రవం నిండిన 3 అర్ధచంద్రాకారపు గొట్టాలు ఉంటాయి. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కదిలి మెదడుకు సంగతి చెబుతుంది. చల్లనీళ్లు చెవిలోకి వెళితే దగ్గరగా ఉన్న గొట్టంలోని ద్రవం చల్లబడి, బరువెక్కి కిందికి జారుతుంది. తల నిశ్చలంగా ఉన్నా తిరుగుతున్నట్టు మెదడుకు అందేది అందుకే. రెండు చెవులూ ఒకేలా చల్లబడితే రెండు వైపుల సంకేతాలూ సమానమై చెల్లుకు చెల్లు అయిపోతాయి. ఒక చెవిలో గుబిలి అడ్డుపడి ఉన్నా, టోపీ ఒకవైపు పైకి జరిగినా, ఎప్పుడూ ఒకే పక్కకు తిరిగి ఊపిరి పీలుస్తున్నా లెక్క తప్పుతుంది. కళ్లకు ఆసరాగా గట్టు కనిపించదు, కాళ్లకు నేల తగలదు. మెదడుకు మిగిలిన ఒక్క సాక్షి చెవి, దాని సాక్ష్యమేమో తప్పు.

పైగా తల చేసే పని కూడా తక్కువేమీ కాదు. ట్రయాథ్లాన్‌లో ఒలింపిక్ దూరం ఈత 1,500 మీటర్లు. బారకు ఒక మీటరు చొప్పున వేసుకుంటే 1,500 బారలు. రెండు బారలకోసారి ఊపిరి తీసుకుంటే తల 750 సార్లు పక్కకు తిరుగుతుంది, అదీ ఒకే వైపుకు. దారి చూసుకోవడానికి పది బారలకోసారి తల ఎత్తితే ఇంకో 150. 2021 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల శ్రీలంక నుంచి మన తీరానికి పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. నిమిషానికి 50 బారల చొప్పున లెక్కవేసినా అది 41 వేల పైచిలుకు. అంతసేపు తలకు, చెవికి, మెడకు ఎంత పని పడుతుందో ఊహించండి.

అందుకే మూడు బారలకోసారి, కుడి ఎడమలు మార్చుకుంటూ ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోవాలని గట్టిగా చెబుతాను. దీనికి పైసా ఖర్చు లేదు. చెవులను పూర్తిగా కప్పే టోపీ, దాని కింద చెవిరంధ్రాన్ని మూసే మెత్తటి సిలికాన్ ముద్ద కూడా ఉంటే చెవిలోకి చల్లనీళ్లు దూరడం చాలా తగ్గుతుంది. ఆ ముద్ద పైపైన ఈదేటప్పుడే. లోతుకు మునిగేటప్పుడు చెవిపై ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి వాడకూడదు. గుబిలి ఉంటే డాక్టరు చేత తీయించుకోవాలి. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టి కెలకడం వల్ల చెవిపొరకు చిల్లు పడితే, ఆ చిల్లులోంచి నీరు నేరుగా మధ్యచెవిలోకి వెళ్లి నడిసముద్రంలో తల ఒక్కసారిగా తిరుగుతుంది. చెవిపొరకు చిల్లు ఉన్నవాళ్లు డాక్టరు సరేనన్నాకే నీళ్లలో దిగాలి.

నీళ్లలో ఉండగానే తిరగడం మొదలైతే ఈత ఆపేయండి. వెంట తెచ్చుకున్న తేలే బుడగను గుండెకు హత్తుకుని, తల నిటారుగా పెట్టి, ఒడ్డున కదలని వస్తువు ఒకదాన్ని చూస్తూ చెయ్యెత్తండి. చెవి వల్ల వచ్చిన తిప్పుడు సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. ఆ కాసేపు పడవ పిలవడానికి మొహమాటపడటం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

రెండో కారణం రక్తం. ఒడ్డెక్కి లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మితే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇక్కడ లోకం గిర్రున తిరగదు, చూపు మసకబారి ఒళ్లు తేలిపోతున్నట్టు ఉంటుంది. మెడ దాకా నీటిలో ఉన్నప్పుడు నీటి ఒత్తిడి కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టి, సుమారు 700 మిల్లీలీటర్లు అదనంగా ఛాతీలోకి చేరుస్తుంది. ఒక మీటరు నీరు వేసే ఒత్తిడి 74 మిల్లీమీటర్ల పాదరసంతో సమానం మరి. ఛాతీలో రక్తం పెరిగేసరికి ఒంట్లో నీరు ఎక్కువైందని శరీరం పొరబడి మూత్రాన్ని పెంచుతుంది. ఈతగాళ్లకు మాటిమాటికీ మూత్రం రావడం ఇందుకే. ఇలా ఒకపక్క ఒంట్లో నీరు తగ్గుతూ ఉండగా, ఒడ్డుకొచ్చి ఒక్కసారిగా నిలబడతాం. నీటి పట్టు పోతుంది. మామూలుగా లేచి నిలబడినా అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. ఒంట్లో ఉన్న మొత్తం రక్తం 5 లీటర్లే. నిలబడిన 3 నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే వైద్యులు దాన్ని లెక్కలోకి తీసుకునే తగ్గుదలగా చూస్తారు.

దీనికి మందు ఈత చివరి వంద మీటర్లలోనే ఉంది. అక్కడిదాకా చేతులతోనే లాక్కొచ్చినవాళ్లు కాళ్లు గట్టిగా ఆడించడం మొదలుపెట్టాలి. పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోసే పనికి సిద్ధమవుతాయి. చేతివేళ్లకు ఇసుక రెండు మూడు సార్లు తగిలేదాకా నిలబడొద్దు. ముందు మోకాళ్ల మీద, తర్వాత వంగి, ఆ తర్వాత నిటారుగా లేచి నడవాలి. పోటీలో గడియారం చూసుకుని పరుగు తీసేవాళ్లే ఎక్కువగా పడిపోతారు. లేచాక స్తంభంలా నిలబడిపోవడమూ మంచిది కాదు. చీకట్లు కమ్మితే వెల్లకిలా పడుకుని, కాళ్లను ఒక అడుగు ఎత్తులో ఏ సంచి మీదో పెట్టాలి. తేరుకున్నాక ఓఆర్ఎస్ తాగండి. 20.5 గ్రాముల పొట్లాన్ని సరిగ్గా లీటరు నీటిలో కలపాలి. బీపీ మాత్రలు వేసుకునేవారికి ఈ తగ్గుదల ఇంకా ఎక్కువగా ఉండొచ్చు. పొద్దున్నే ఈతకు వెళ్లే రోజున మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరునే అడగాలి.

మన ఎండల్లో ఇంకో ప్రమాదం ఉంది. వెచ్చటి నీటిలో చెమట పడుతున్నా తెలియదు. 2010 అక్టోబరులో యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల ప్రపంచకప్ పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ వెచ్చటి నీటిలో ప్రాణం కోల్పోయాడు. వయసు 26. ఆ తర్వాతే అంతర్జాతీయ పోటీలకు నీటి వేడి 31 డిగ్రీలు మించకూడదన్న నిబంధన వచ్చింది. కింది హద్దు 16 డిగ్రీలు. వేసవిలో చెరువుల్లో, కాలువల్లో ఈత పోటీలు పెట్టే మన నిర్వాహకులు చేతిలో ఒక థర్మామీటరు ఉంచుకోవడం పెద్ద కోరికేం కాదు.

చలినీటి సంగతి వేరు. ఒడ్డెక్కాక కూడా ఒంటి లోపలి వేడి ఇంకా దిగుతూనే ఉంటుంది. గాలితో పోలిస్తే నీరు సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. కాబట్టి నీళ్లలో బాగానే ఉన్న మనిషికి పది నిమిషాల తర్వాత ఒడ్డున వణుకు, తూలుడు, మాట తడబాటు రావొచ్చు. లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పోతే అది అత్యవసరమే. తడిబట్టలు విప్పి, ఒళ్లు తుడిచి, పొడిబట్టలు, టోపీ వేసి, తీపి కలిపిన గోరువెచ్చటి పానీయం ఇవ్వాలి. వేడి షవర్ కిందికి మాత్రం పంపొద్దు. చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకుని బీపీ పడిపోతుంది.

అలల మీద చాలాసేపు ఈదినవాళ్లకు రాత్రి మంచం మీద కూడా ఊగుతున్నట్టు ఉంటుంది. సాధారణంగా అది ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మింగిన ఉప్పునీటి వల్ల వికారం తోడవుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో 9 గ్రాములే.

మర్నాడు పక్క మీద అటు ఒత్తిగిలినప్పుడు మాత్రమే తల గిర్రున తిరిగి, నిమిషంలోపు ఆగిపోతుంటే చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి గొట్టంలోకి జారాయేమో చూపించుకోవాలి. ఇందుకు 1980లో అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ చెప్పిన పద్ధతిలో తలను వరుసగా తిప్పి వాటిని వెనక్కి పంపిస్తారు. చాలామందికి ఒకటి రెండు సార్లతోనే నయమవుతుంది. ఇంట్లో ఎవరికో రాసిచ్చిన తలతిప్పుడు మాత్రలను వారాలపాటు మింగుతూ పోవడం నాకు బాధ కలిగించే అలవాటు. రేణువులు ఆ మాత్రలతో కదలవు. మత్తు కలిగించే రకాలైతే మెదడు తనంతట తాను సర్దుకోవడాన్ని కూడా ఆలస్యం చేస్తాయి.

ఛాతీనొప్పి, ఆగని ఆయాసం, దగ్గుతో గులాబీరంగు నురగ, మాట ముద్దగా రావడం, ఒకవైపు చెయ్యి కాలు పట్టుతప్పడం, మెడలో కొత్తగా తీవ్రమైన నొప్పి, నీళ్లలోనే స్పృహ తప్పడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 3 నిమిషాలు కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే నీళ్లు పట్టాయిలే అనుకుని వారం ఆగకుండా ఆ రోజో మర్నాడో చెవి డాక్టరును కలవాలి. నీటిలో స్పృహ తప్పినవాళ్లు గుండె పరీక్షలు అయ్యేదాకా, వైద్యులు ఒప్పుకునేదాకా మళ్లీ నీటిలో దిగొద్దు, తోడు ఉన్నా సరే.