వాడకు రోడ్డు ఎక్కడ ఆగుతుంది?

మున్సిపల్ కౌన్సిల్‌లో చేతులెత్తినప్పుడే మన వాడకు రోడ్డు వస్తుందో రాదో తేలుతుందని అనుకుంటాం. నిజానికి అది అంతకుముందే తేలిపోతుంది.

ఆస్తిపన్ను, సర్కారు గ్రాంట్లు జమయ్యాక ముందు జీతాలు, కరెంటు బిల్లులు, అప్పుల కిస్తీలు పోతాయి. మిగిలిన దాంట్లోనే రోడ్లు, మోరీలు, వీధిదీపాలు, కమ్యూనిటీ హాళ్లు. వార్డు కౌన్సిలర్ పని అడగాలి. ఇంజనీరు వచ్చి కొలిచి అంచనా వేయాలి. అది ఎజెండాకెక్కాలి. తీర్మానం, టెండరు ఆ తర్వాతి ముచ్చట. ఎజెండాలో లేని పనిని ఎవరూ ఓడించనక్కర్లేదు.

మా వాడలో సిమెంటు రోడ్డు మొదటి ఇంటికాడే ఆగింది. వద్దన్నోళ్లు లేరు, టేపు అక్కడిదాకానే పట్టారు.

1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాల్లో మురికివాడల అభివృద్ధినీ చేర్చింది. మన వాడల్ని మురికివాడలన్నారు సరే, మోరీ తవ్వకుండా వాటిని మురికి చేసిందెవరు?

కాబట్టి రోడ్డు కావాలని దరఖాస్తు ఇస్తే చాలదు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఎజెండా, అంచనా కాగితం, కొలతలు రాసే ఎం.బుక్కు నకళ్లు అడగాలి. ఏ వీధికి ఎంత పెట్టారో పక్కపక్కన రాసి చూడాలి. మీటింగుకు ముందే ఇంజనీరును వాడ చివరి గుడిసె దాకా నడిపించాలి. బడ్జెట్‌లో అంటరానితనం ఆ కాగితాల్లోనే దొరుకుతుంది.