పంచదార వేరు, చక్కెర పూత వేరు

మాది ఉయ్యూరు. పేరు చెప్పగానే బెజవాడ చుట్టుపక్కల వాళ్లు "షుగర్ ఫ్యాక్టరీ ఊరు కదా" అంటారు. కేసీపీ ఫ్యాక్టరీ, చెరకు ట్రాక్టర్లు, క్రషింగ్ రోజుల్లో వచ్చే మొలాసిస్ వాసన... ఇవే మా ఊరి గుర్తులు. అలాంటి ఊళ్లో "క్యాన్సర్ కణాల మీద చక్కెర పూత ఉంటుంది, అది వాటిని పెంచుతుంది" అని ఎవరైనా అంటే, వినేవాళ్లకి ముందు గుర్తొచ్చేది గోనెసంచిలో ఉండే పంచదారే.

ఇది ఊరికే పదాల గొడవ అయితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. మా పెదనాన్నకి ఫాలిక్యులర్ లింఫోమా అనే రక్త క్యాన్సర్ వచ్చింది. "పంచదార మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుంది" అనే వాట్సాప్ ఫార్వర్డ్ చూసి ఆయన ముందు కాఫీలో పంచదార మానేశారు. తర్వాత అరటిపండు మానేశారు. తర్వాత రాత్రిపూట అన్నం కూడా. "చక్కెర పూత అని పేపర్లో కూడా రాశార్రా, అదేంటో కాస్త చూసి చెప్పు" అని నన్ను అడిగారు. చూశాను. అందులో పంచదార లేదు కానీ, మనం సీఎస్‌ఈ వాళ్లం రోజూ చూసే స్ట్రింగ్ మ్యాచింగ్ ఉంది!

ముందు పదం సంగతి తేల్చుకుందాం. మనం తినే పంచదార అంటే సుక్రోజ్. ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ కలిసిన చిన్న అణువు. కెమిస్ట్రీలో చక్కెర అంటే మాత్రం ఒక పెద్ద కుటుంబం పేరు. మాన్నోజ్, గాలక్టోజ్, ఫ్యూకోజ్, సియాలిక్ ఆమ్లం, ఇలా దాదాపు పది రకాల చక్కెరల్ని మన కణాలు ఇటుకల్లా వాడుకుంటాయి. వాటిని గొలుసులుగా, కొమ్మలుగా పేర్చి ప్రొటీన్లకి తగిలిస్తాయి. అలా చక్కెర తగిలిన ప్రొటీన్లనే గ్లైకోప్రొటీన్లు అంటారు. శరీరంలో ప్రతి కణం పైనా ఈ చక్కెర కొమ్మల పొర ఉంటుంది. ఇది క్యాన్సర్‌కి మాత్రమే ఉండే వింత కాదు.

దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ బ్లడ్ గ్రూప్. ఎర్ర రక్తకణం మీద ఉండే ఒక చక్కెర గొలుసు చివర గాలక్టోజ్ తగిలితే బి గ్రూప్. గాలక్టోజ్‌కి దగ్గరి చుట్టం లాంటి ఇంకో చక్కెర తగిలితే ఎ గ్రూప్. రెండూ ఉంటే ఎబి, ఏదీ లేకపోతే ఓ. కాలేజీ రక్తదాన శిబిరంలో మన కార్డు మీద రాసేది ఒక్క చక్కెర తేడానే. ఆ ఒక్క తేడాని గమనించకుండా వేరే గ్రూప్ రక్తం ఎక్కిస్తే మనిషి ప్రాణమే పోవచ్చు. అంటే ఈ చక్కెరలు తీపి కోసం లేవు. కణానికి అవి ఐడీ కార్డు లాంటివి.

ఇక అసలు విషయం. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల వరుస. ఒక్కో ఆమ్లానికి ఒక్కో అక్షరం పెడితే ప్రొటీన్ మొత్తం ఒక స్ట్రింగ్ అవుతుంది. ఆ స్ట్రింగ్‌లో కణం చక్కెరని ఎక్కడ తగిలించాలో చెప్పే గుర్తుల్లో ఒకటి చాలా సింపుల్ ప్యాటర్న్: మొదట ఎన్ అనే అక్షరం, తర్వాత పి తప్ప ఏదైనా ఒక అక్షరం, ఆ తర్వాత ఎస్ గానీ టి గానీ. ఎన్ అంటే ఆస్పరాజిన్, ఎస్ సెరీన్, టి త్రియోనిన్, పి ప్రోలీన్. రెగెక్స్ వచ్చినవాళ్లు ఒక్క లైన్లో రాసేస్తారు. ఈ ప్యాటర్న్ దొరికిన ప్రతిచోటా చక్కెర తగలకపోవచ్చు కానీ, ప్యాటర్న్ లేనిచోట ఈ రకం చక్కెర దాదాపుగా తగలదు. తగిలినప్పుడు ఒక్కొక్క చక్కెర కాదు, 14 చక్కెరల గుత్తి మొత్తం ఒకేసారి అతుక్కుంటుంది. అందులో 9 మాన్నోజ్‌లే. తర్వాత ఆ ప్రొటీన్ గాల్జీ అనే భాగంలోకి వెళ్తే అక్కడి ఎంజైములు మాన్నోజ్‌లని కత్తిరించి, వాటి బదులు వేరే చక్కెరలు పెట్టి, చివర్లో సియాలిక్ ఆమ్లంతో టోపీ పెడతాయి. పూర్తయిన మామూలు గుత్తి అలా ఉంటుంది.

ఇప్పుడు బి కణాల దగ్గరికి వద్దాం. యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు ఇవి. ప్రతి బి కణం పైన ఒక రిసెప్టర్ ఉంటుంది, అదే దాని యాంటీబాడీ. కొత్త వైరస్ వచ్చినప్పుడు ఈ కణాలు లింఫ్ గ్రంథుల్లో చేరి, తమ యాంటీబాడీ జన్యువుని కావాలనే మార్చుకుంటాయి. ఏఐడీ అనే ఎంజైమ్ డీఎన్‌ఏలో అక్కడక్కడ అక్షరాలు మారుస్తుంది. వైరస్‌ని బాగా పట్టుకునే వెర్షన్ బతుకుతుంది, మిగతావి చనిపోతాయి. రాండమ్‌గా మార్చు, టెస్ట్ చెయ్యి, మంచిది ఉంచు. మనం జెనెటిక్ అల్గారిథమ్ అని చదివేది మన మెడలోనూ చంకలోనూ ఉన్న గ్రంథుల్లో నిజంగానే నడుస్తుంది.

కోడ్‌ని రాండమ్‌గా మారుస్తూ పోతే ఎక్కడో ఒకచోట అనుకోని ప్యాటర్న్ తయారవుతుంది. ఉదాహరణకి యాంటీబాడీలో ఎస్-వై-ఎస్ అనే మూడక్షరాలు ఉన్నాయనుకోండి. మొదటి ఎస్‌కి డీఎన్‌ఏ కోడ్ ఏ-జీ-సీ. మధ్యలో ఉన్న జీ ఒక్కటి ఏ గా మారితే కోడ్ ఏ-ఏ-సీ అవుతుంది, అంటే ఎన్. ఇప్పుడు ప్రొటీన్‌లో వరుస ఎన్-వై-ఎస్. ప్యాటర్న్ మ్యాచ్ అయింది! వైరస్‌ని పట్టుకోవాల్సిన చోట ఇప్పుడు చక్కెర గుత్తి వేలాడుతుంది.

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఫ్రెడా స్టీవెన్‌సన్ బృందం 2002లో గమనించింది ఇదే. ఫాలిక్యులర్ లింఫోమా ఉన్నవాళ్ల క్యాన్సర్ కణాల యాంటీబాడీ జన్యువులు చూస్తే, నూటికి దాదాపు 80 మందిలో ఇలా కొత్తగా పుట్టిన ప్యాటర్న్ కనిపించింది. మామూలు బి కణాల్లో అది 10 శాతం లోపే. యాక్సిడెంట్ అయితే ఇన్నిసార్లు జరగదు. పైగా ఈ క్యాన్సర్ కణాల్లో జన్యు మార్పులు ఆ తర్వాత కూడా జరుగుతూనే ఉంటాయి. మిగతా అక్షరాలు మారిపోతున్నా ఆ ప్యాటర్న్ మాత్రం చెరిగిపోకుండా నిలుస్తోంది. ఎన్ని కమిట్‌లు పడ్డా ఒక లైన్‌ని ఎవరూ డిలీట్ చేయట్లేదంటే దానితో ఎవరికో పని ఉందనే కదా అర్థం.

ఆ పని ఏమిటో తర్వాతి ఏళ్లలో తేలింది. 2007లో ఆ గుత్తుల్ని విడదీసి చూస్తే అవి మాన్నోజ్ ఎక్కువగా ఉన్న పచ్చి గుత్తులు. ప్రొటీన్ మడతల్లో ఇరుక్కున్న చోట తగలడం వల్ల కత్తిరించే ఎంజైములు అక్కడికి చేరలేవు. మాన్నోజ్ అలాగే బయటికి కనిపిస్తూ ఉండిపోతుంది. మన శరీరంలోని మాక్రోఫేజ్‌ల వంటి కణాల మీద డీసీ-సైన్ అనే లెక్టిన్ ఉంటుంది. లెక్టిన్ అంటే చక్కెరని పట్టుకునే ప్రొటీన్. మనం తినే అరటిపండులో కూడా మాన్నోజ్‌ని పట్టుకునే లెక్టిన్ ఒకటి ఉంది. డీసీ-సైన్ పని సూక్ష్మజీవుల మీది మాన్నోజ్‌ని పట్టుకోవడం. అది ఈ క్యాన్సర్ కణం మాన్నోజ్‌ని కూడా పట్టుకుంటుంది. పట్టుకోగానే బి కణం రిసెప్టర్‌కి "వైరస్ దొరికింది, పెరుగు" అనే సిగ్నల్ అందుతుంది. వైరస్ లేదు, ఏమీ లేదు. కానీ సిగ్నల్ మాత్రం తక్కువ స్థాయిలో ఆగకుండా వస్తూనే ఉంటుంది. 2010లో సౌతాంప్టన్ బృందం ఈ వంతెనని ప్రయోగంలో చూపించింది.

చాలామంది రోగుల్లో దీనికి ముందే ఇంకో బగ్ ఉంటుంది. 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారై, కణం చావకుండా ఆపే బీసీఎల్2 ప్రొటీన్ ఎక్కువగా తయారవుతుంది. అయితే ఈ తారుమారు ఆరోగ్యంగా ఉన్న చాలామంది రక్తంలోనూ కొద్ది కణాల్లో కనిపిస్తుంది. వాళ్లలో ఎక్కువమందికి ఈ క్యాన్సర్ రాదు. చావని కణానికి, పెరగమనే సిగ్నల్ కూడా కావాలి. ఆ సిగ్నల్ తెచ్చే దారుల్లో చక్కెర గుత్తి ఒకటి.

వేరే రక్త క్యాన్సర్లలో చక్కెరలు వేరే పనులు చేస్తాయి. 2021లో కే562 అనే లుకేమియా కణాల మీద చేసిన క్రిస్పర్ పరిశోధనలో, సీడీ43 అనే ప్రొటీన్ మీది సియాలిక్ ఆమ్లం గుత్తులు మన ఎన్‌కే కణాల సిగ్లెక్-7 కి తగులుకుని "నేను మనవాణ్నే, వదిలెయ్" అని చెప్తున్నట్టు తేలింది. ఆ పనిలో ఉన్న కరోలిన్ బెర్టోజీకి 2022లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది, కణాల మీది చక్కెరలని చూడటానికి పనికొచ్చే రసాయన పద్ధతికి. ఇంకోచోట అక్యూట్ మైలాయిడ్ లుకేమియా కణాలు తమ చక్కెరలతో ఎముక మజ్జ రక్తనాళాల్లోని ఇ-సెలెక్టిన్‌ని పట్టుకుని, కీమో మందుల నుంచి తప్పించుకుంటాయి. ఆ పట్టు విడిపించడానికి చక్కెరలా కనిపించే నకిలీ అణువు అప్రోలెసెలాన్‌ని తయారుచేశారు. కానీ 2024లో వచ్చిన పెద్ద ట్రయల్ ఫలితాల్లో అది రోగుల ఆయుష్షుని చెప్పుకోదగ్గంతగా పెంచలేకపోయింది.

అసలుది అనిపించే నకిలీని పంపి కణాన్ని మోసం చేయడం అనే ఆలోచన మనవాళ్లకి కొత్తేం కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పనిచేస్తూ తన బృందంతో ఫోలిక్ ఆమ్లానికి నకిలీ అయిన అమినోప్టెరిన్ తయారు చేయించారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఫలితం 1948లో అచ్చయింది. సుబ్బారావు గారు పోయింది కూడా ఆ ఏడాదే. అదే కుటుంబపు మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ పిల్లల లుకేమియాలో వాడుతున్నారు.

ఇప్పుడు పెదనాన్న ప్రశ్నకి జవాబు. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్ ఎక్కువ వాడతాయన్నది నిజమే. 1920లలోనే ఆటో వార్‌బర్గ్ చూపించారు. పెట్ స్కాన్ పనిచేసేది కూడా దాని మీదే. కానీ మనం పంచదార మానేసినా రక్తంలో గ్లూకోజ్ సున్నా అవ్వదు. తిండి చాలకపోతే కండలోని ప్రొటీన్‌ని కరిగించి మరీ లివర్ గ్లూకోజ్ తయారు చేస్తుంది. అంటే మనిషి చిక్కిపోతాడు, కణం మాత్రం తన వాటా తను తీసుకుంటుంది. కణం మీది మాన్నోజ్ గుత్తి సంగతైతే మరీ స్పష్టం. అది వచ్చింది జన్యువులో మారిన ఒక్క అక్షరం వల్ల, కాఫీలో వేసిన చెంచా వల్ల కాదు. కాఫీ చప్పగా తాగితే ఆ అక్షరం వెనక్కి మారదు. షుగర్ జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లకి డాక్టర్ చెప్పిందే వేదం. మిగతావాళ్లు ట్రీట్‌మెంట్‌లో ఉన్నప్పుడు ఏం తినాలో ఫార్వర్డ్‌ని కాదు, ఆంకాలజిస్ట్‌ని అడగాలి.

ఆ మాన్నోజ్ గుత్తి మామూలు బి కణాల యాంటీబాడీ మీద అరుదు, ఈ లింఫోమా మీద మాత్రం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి దాన్నే గురిపెట్టే మందులు చేయొచ్చా అని పరిశోధకులు చూస్తున్నారు. కణాన్ని పెంచే గుర్తే రేపు దాన్ని పట్టించే గుర్తు కావచ్చు. అప్పటిదాకా మన ఇళ్లల్లో ఎవరైనా "చక్కెర వల్లే క్యాన్సర్ అంట" అంటే, ఏ చక్కెర అని ఒక్క ప్రశ్న వేయండి. కృష్ణా జిల్లాలో మనకి పంచదార అని వేరే మాట ఉండటం ఇక్కడ భలే పనికొస్తుంది.