బొజ్జన్నకొండ - పంచాయతీల కర్తవ్యము

అనకాపల్లికి సమీపమున శంకరము అను గ్రామము కలదు. భిక్షువులు నివసించు విహారమునకు 'సంఘారామము' అని పేరు. ఆ మాటయే కాలక్రమమున శంకరముగా మారినదని పండితులు చెప్పుదురు. గ్రామము చెంతనే రెండు గుట్టలున్నవి. తూర్పుననున్నది బొజ్జన్నకొండ, పడమటనున్నది లింగాలకొండ. సుమారు క్రీస్తుశకము 4వ శతాబ్ది నుండి 9వ శతాబ్ది వరకు ఇచట బౌద్ధమతము వర్ధిల్లినది.

బొజ్జన్నకొండ రాతిని తొలిచి శిల్పులు గుహాలయములను మలచిరి. ప్రధాన గుహలో 16 స్తంభములు, వాని నడుమ ఏకశిలా స్తూపము ఉన్నవి. లింగాలకొండపై స్తూపములు బారులు తీరి శివలింగములవలె కన్పట్టును. అందుచేతనే దానికా పేరు వచ్చినది.

స్తూపమనగా నేమి? మహనీయుల అస్థికలను, చితాభస్మమును నిక్షేపించి, వానిపై నిర్మించిన కట్టడమే స్తూపము. పిమ్మట భక్తులు మ్రొక్కుబడిగా చిన్న స్తూపములను కూడ నిర్మింపసాగిరి. కావున ఇట్టి కొండ పూజాస్థలమే కాదు, గతించిన పెద్దల స్మారకభూమి కూడ. మన ఊరి సమాధులను మనమెంత భక్తితో చూతుమో, దీనినిగూడ అట్లే చూడవలెను.

ఇరువదవ శతాబ్ది తొలి దశకమున అలెగ్జాండర్ రీ ఇచట త్రవ్వకములు జరిపెను. సముద్రగుప్తుని బంగారు నాణెము, కుబ్జ విష్ణువర్ధనుని నాణెములు బయల్పడినవి.

ఐనను ఈ చరిత్ర గ్రామములందు మరుగున పడినది. బుద్ధవిగ్రహమును రాక్షసునిగా భ్రమించి కనుమనాడు రాళ్లు రువ్వు ఆచారము చిరకాలము సాగినది. ఇటీవలి సంవత్సరములలో దానిని మాన్పించుటకు కృషి జరిగినది. రువ్వినవారు దుష్టులు కారు; తెలియనివారు. తెలియజెప్పువారు లేకపోవుటయే లోపము.

చట్టమును కూడ సభ్యులెరుగవలెను. కేంద్రప్రభుత్వ రక్షణలోనున్న ఇట్టి కట్టడముల హద్దు నుండి 100 మీటర్ల వరకు క్రొత్త కట్టడములు, రాతి త్రవ్వకము నిషిద్ధములు. ఆపైన 200 మీటర్ల వరకు ముందుగా అనుమతి పొందవలెను. కట్టడమునకు హాని చేసినవారికి రెండేండ్ల వరకు జైలుశిక్షగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

మీ గ్రామ పొలిమేరలో పాత కట్టడము, శాసనము, సమాధి ఏదైన ఉన్నచో దానిని గురించి గ్రామసభలో చెప్పుడు. పాఠశాల బాలురను, బాలికలను తీసికొనిపోయి చూపుడు. ఇంటిపనికో, గట్టుకో దాని రాళ్లు తరలిపోకుండ చూడుడు. క్రొత్తగా ఏదైన బయల్పడినచో వెంటనే రెవెన్యూ అధికారులకు తెలుపుడు. కావలివాడు పగలు మాత్రమే కాయగలడు. తెలిసిన గ్రామము రేయింబవళ్లు కాపాడును.