పాత డెస్క్‌టాప్‌కు పెద్ద హార్డ్ డిస్క్ అమర్చడం

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- పాత కంప్యూటరుకు సరిపడే డిస్కును ఎంచుకోగలుగుతారు.
- 2 టీబీ పరిమితికి కారణాన్ని వివరించగలుగుతారు.
- ఫైళ్లు పోకుండా కొత్త డిస్కును అమర్చగలుగుతారు.

1. పరిచయం

హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్తా బజార్ పెళ్లి కార్డుల ముద్రణకు పేరుపొందింది. అక్కడ ఒక డీటీపీ దుకాణాన్ని ఊహించండి. పాత డెస్క్‌టాప్‌లోని 500 జీబీ డిస్కు నిండిపోయింది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కార్డుల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. అక్క పెళ్లికి కార్డు వేయించినవారు చెల్లెలి పెళ్లికీ అదే డిజైను అడుగుతారు. కాబట్టి ఆ దుకాణానికి కంప్యూటరు కన్నా అందులోని ఫైళ్లే విలువైనవి. డిస్కు పోతే మళ్లీ కొనవచ్చు. ఫైళ్లు పోతే కొనలేం.

2. కొనే ముందు చూడవలసినవి

క్యాబినెట్ తెరిచి పాత డిస్కు కేబులును గమనించండి. వెడల్పైన పట్టీలాంటి 40 పిన్నుల కేబులు ఉంటే అది ఐడీఈ. సన్నని 7 పిన్నుల కేబులు ఉంటే అది సాటా. నేడు దొరికే కొత్త డిస్కులు సాటా రకానివే. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోటికి వెళ్లేటప్పుడు ఈ వివరం రాసుకొని వెళ్లండి.

3. 2 టీబీ పరిమితి

డిస్కులోని స్థలం 512 బైట్ల సెక్టార్లుగా విభజించబడి, ప్రతి సెక్టారుకు ఒక సంఖ్య ఉంటుంది. పాత ఎంబీఆర్ విభజన పద్ధతి ఈ సంఖ్యను 32 బిట్లలో రాస్తుంది. అంటే 4,29,49,67,296 సెక్టార్లు. మొత్తం సుమారు 2.2 టీబీ. అంతకుమించిన స్థలానికి చిరునామా రాయడం ఆ పద్ధతిలో కుదరదు. జీపీటీ పద్ధతికి ఈ ఇబ్బంది లేదు. కానీ జీపీటీ డిస్కు నుంచి విండోస్ బూట్ కావాలంటే యూఈఎఫ్ఐ ఉండాలి. పాత బయోస్ ఉన్న కంప్యూటరుకు 2 టీబీ లేదా అంతకు తక్కువ డిస్కే క్షేమం.

తయారీదారులు 1 జీబీని 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ 1,07,37,41,824 బైట్లుగా లెక్కిస్తుంది. అందుకే 500 జీబీ డిస్కు 465 జీబీగా కనిపిస్తుంది. ఇది లోపం కాదు.

4. అమర్చే క్రమం

1. ముఖ్యమైన ఫైళ్లను ముందుగా వేరే డిస్కులోకి కాపీ చేయండి. పాత డిస్కు టక్‌టక్ శబ్దం చేస్తుంటే ఈ పని వాయిదా వేయకండి.
2. ప్లగ్ తీసేయండి. క్యాబినెట్ లోహభాగాన్ని తాకి, ఒంట్లోని స్థిరవిద్యుత్తును వదిలించుకోండి.
3. పాత డిస్కును కదపకుండా, కొత్తదాన్ని ఖాళీ అరలో స్క్రూలతో బిగించి, డేటా, పవర్ కేబుళ్లు కలపండి.
4. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త డిస్కును ఫార్మాట్ చేయండి. ముందు పరిమాణం చూసి, అది కొత్తదేనని నిర్ధారించుకోండి. పొరపాటున పాతదాన్ని ఎంచుకుంటే ఫైళ్లన్నీ పోతాయి.
5. ఫైళ్లు కాపీ చేసి, కొన్నింటిని కొత్త డిస్కు నుంచే తెరిచి చూడండి.

గమనిక: కాపీ పూర్తయిన వెంటనే పాత డిస్కును చెరిపివేయకండి. ఎంత పెద్ద డిస్కైనా ఒకనాడు చెడిపోతుంది. ఫైలు రెండు చోట్ల ఉన్నప్పుడే అది భద్రం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1 టీబీ డిస్కు విండోస్‌లో 931 జీబీగా ఎందుకు కనిపిస్తుంది?
2. పాత బయోస్ ఉన్న కంప్యూటరులో విండోస్ వేయడానికి 4 టీబీ డిస్కు కొనవచ్చా? కారణం రాయండి.