కీళ్ళవాత చికిత్సలో బయోసిమిలర్ మార్పిడి: శాస్త్రం, ధర, మాట

వ్యాససంగ్రహం:

బయోలాజిక్ మందుతో వ్యాధి అదుపులో ఉన్న రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగిని, కేవలం ధర కారణంగా, ఆ మందుకు సదృశంగా తయారైన బయోసిమిలర్‌కు మారమని అడగడం గత దశాబ్దంలో అనేక దేశాల్లో వైద్యవిధానంగా స్థిరపడింది. ఈ మార్పిడి ఎందుకు వచ్చింది, దానికి ఆధారమైన పరిశోధనలు ఏం చెబుతున్నాయి, రోగి భయానికి శాస్త్రీయమైన కారణం ఎంతవరకు ఉంది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ విషయాన్ని తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు ఏ పదాలు తోడ్పడతాయి, ఏవి తప్పుదారి పట్టిస్తాయి అనేది కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రుమటాయిడ్ ఆర్థరైటిస్, బయోసిమిలర్, మార్పిడి, నోసీబో, సాదృశ్యం, సమ్మతి, వైద్యపరిభాష.

1. ఉపోద్ఘాతం:

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ కీళ్ళ లోపలి పొరపైనే దాడి చేయడం రుమటాయిడ్ ఆర్థరైటిస్ లక్షణం. వాడుకలో దీనిని కీళ్ళవాతం అంటారు. వయసుతో వచ్చే కీళ్ళ అరుగుదల దీనికి భిన్నమైన వ్యాధి. కీళ్ళవాతం పురుషులకంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోవడం, కీళ్ళు వాచిపోవడం మొదలైన లక్షణాలకు సకాలంలో చికిత్స అందకపోతే ఎముక కోసుకుపోయి కీలు శాశ్వతంగా వంకర తిరుగుతుంది.

సాధారణంగా చికిత్స వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్‌తో మొదలవుతుంది. దానికి లొంగని రోగులకు బయోలాజిక్ మందులు అవసరమవుతాయి. వాపును పెంచే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటే ఈ వ్యాధి తగ్గుతుందని 1990లలో లండన్‌లోని కెనడీ సంస్థలో మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో జన్మించిన రవీందర్ మైనీ నిరూపించారు. ఆ కృషికి వారికి 2003లో లాస్కర్ పురస్కారం లభించింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్ ఆ మార్గంలో వచ్చిన మందులు.

ఒక మందు పనిచేయక, మరొకటి పడక, చివరికి సరిపడే మందు దొరికేసరికి రోగికి కొన్నేళ్ళు గడిచిపోవచ్చు. అలా కుదుటపడిన మనిషిని మందు మార్చుకోమని అడిగితే కలిగే ఆందోళన సహజమైనది. ఆ ఆందోళనకు సమాధానం చెప్పాలంటే మొదట బయోసిమిలర్ అంటే ఏమిటో తెలియాలి.

2. జనరిక్, బయోసిమిలర్ – భేదం:

ఆస్పిరిన్ అణువులో ఉన్నవి 21 పరమాణువులు. రసాయన చర్య ద్వారా ఎవరు తయారుచేసినా అదే అణువు వస్తుంది. అందుకే జనరిక్ మందు మూలమందుతో అక్షరాలా ఒకటే. అడాలిముమాబ్ 1330 అమైనో ఆమ్లాలతో కూడిన ప్రోటీన్. దాని అణుభారం ఆస్పిరిన్‌కు సుమారు 800 రెట్లు. చైనీస్ హ్యామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు అండాశయం నుంచి వచ్చిన కణాలను పెద్ద పాత్రల్లో పెంచి, అవి స్రవించే ప్రోటీన్‌ను శుద్ధిచేసి దీనిని తయారుచేస్తారు. అమైనో ఆమ్లాల వరుస ఒకటే అయినా, కణం ఆ ప్రోటీన్‌కు చేర్చే చక్కెర గొలుసుల్లో స్వల్పమైన తేడాలు వస్తాయి.

ఈ తేడా మూలమందులోనూ ఉంటుంది. ఒకే కంపెనీ ఒకే కర్మాగారంలో చేసిన రెండు బ్యాచ్‌లు కూడా నూటికి నూరుపాళ్ళు ఒకటి కావు. కాబట్టి మూలమందు బ్యాచ్‌ల మధ్య సహజంగా ఉండే తేడాల పరిధిలో కొత్త మందు ఇమిడిందా, చికిత్సాఫలంలోనూ భద్రతలోనూ అర్థవంతమైన భేదం చూపిందా అన్నదే పరీక్ష. ఈ పరీక్షలో నెగ్గిన మందు బయోసిమిలర్. దీనికి ప్రత్యేకమైన అనుమతి మార్గాన్ని యూరప్ మొదట ఏర్పరచింది. అక్కడ 2006లో తొలి బయోసిమిలర్‌కు, 2013లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ బయోసిమిలర్‌కు అనుమతి లభించింది. భారతదేశంలో 2012లో వెలువడి 2016లో సవరణ పొందిన మార్గదర్శకాలు వీటిని ‘సిమిలర్ బయోలాజిక్స్’ అని వ్యవహరిస్తున్నాయి.

3. మార్పిడి వెనుక ఉన్న ఆర్థికం:

ఇంగ్లండు ఉదాహరణ ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 2018 నాటికి అక్కడి జాతీయ ఆరోగ్య సేవ ఆసుపత్రులు అన్ని మందులకంటే ఎక్కువగా ఖర్చుపెట్టింది అడాలిముమాబ్ మీద. ఆ వ్యయం ఏడాదికి 40 కోట్ల పౌండ్లకు పైమాట. 2018 అక్టోబరులో యూరప్‌లో పేటెంటు ముగిసి బయోసిమిలర్లు రాగానే, 46,000కు పైగా రోగులు వాడుతున్న మందు విషయంలో మార్పిడి మొదలైంది. ఏడాదికి 30 కోట్ల పౌండ్లు ఆదా అవుతాయని ఆరోగ్య సేవ అంచనా వేసింది.

ఆదా అయిన డబ్బు ఎవరికి ఉపయోగపడిందన్నది న్యాయమైన ప్రశ్న. అప్పటివరకు ఇంగ్లండులో తీవ్రమైన వ్యాధి, అంటే డీఏఎస్‌28 కొలమానంలో 5.1కి మించిన వ్యాధి ఉన్నవారికే ఈ మందులు దక్కేవి. 2021 జులైలో నైస్ సంస్థ ఆ హద్దును సడలించి, మధ్యస్థ వ్యాధి ఉన్నవారికి కూడా అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇవ్వవచ్చని నిర్ణయించింది. ధర తగ్గడం వల్లనే అది సాధ్యమైంది. మారడానికి ఒప్పుకున్న రోగి త్యాగం చేసినట్టు కాకపోయినా, ఆ అంగీకారం వల్ల గుమ్మం బయట నిలబడిన మరొక రోగికి చికిత్స అందింది.

మార్పిడిని అమలుచేసిన తీరు అన్నిచోట్లా ఒకటి కాదు. డెన్మార్క్ 2015లో దేశవ్యాప్త మార్గదర్శకం ద్వారా రోగులను మార్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2019 మే నెలలో గడువు విధించి, గడువు దాటితే మూలమందుకు ప్రభుత్వం చెల్లించదని ప్రకటించింది. వైద్యుడు ప్రత్యేక కారణం చూపితే మినహాయింపు కోరవచ్చు.

భారతదేశంలో పరిస్థితి వేరు. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్‌కు సదృశమైన మందును విడుదల చేసింది. టీఎన్‌ఎఫ్ మందులు పనిచేయని కీళ్ళవాత రోగులకు రిటుక్సిమాబ్ వాడతారు. అడాలిముమాబ్‌కు సదృశమైన మందు కూడా ఇక్కడ 2014 డిసెంబరులోనే, యూరప్‌కంటే దాదాపు నాలుగేళ్ళ ముందు, జైడస్ సంస్థ నుంచి వచ్చింది. సొంత డబ్బుతో చికిత్స చేయించుకునే కుటుంబానికి ప్రశ్న మూలమందా, సదృశమందా అన్నది కాదు. సదృశమందా, మందు మానేయడమా అన్నది. బయోసిమిలర్‌పై అకారణమైన అపనమ్మకం ఇక్కడ ఎక్కువ నష్టం చేస్తుంది.

4. పరిశోధనల సాక్ష్యం:

నార్వే ప్రభుత్వ నిధులతో జరిగి 2017లో ప్రచురితమైన నార్‌స్విచ్ అధ్యయనం ఈ రంగంలో ప్రధానమైనది. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో స్థిరంగా ఉన్న 482 మందిని రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి మూలమందు కొనసాగించారు, మరొక వర్గానికి బయోసిమిలర్ ఇచ్చారు. ఎవరికి ఏది అందుతున్నదో రోగికీ వైద్యునికీ తెలియదు. 52 వారాల తరువాత వ్యాధి ముదిరినవారు మూలమందు వర్గంలో 26 శాతం, బయోసిమిలర్ వర్గంలో 30 శాతం. ఈ భేదం ముందుగా నిర్ణయించుకున్న 15 శాతం హద్దుకు లోబడే ఉంది. అయితే ఆరు వ్యాధుల రోగులను కలిపి లెక్కించినందున, ఒక్కొక్క వ్యాధికి విడిగా తీర్పు చెప్పే శక్తి ఈ అధ్యయనానికి లేదు.

డెన్మార్క్‌లో అదే మందును మార్చుకున్న 802 మంది కీళ్ళవ్యాధుల రోగుల వివరాలను పరిశీలించగా, మార్పుకు మూడు నెలల ముందూ తరువాతా వ్యాధి తీవ్రతలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాని ఏడాదిలో సుమారు 16 శాతం మంది కొత్త మందును ఆపివేశారు. మూలమందును కూడా ఏటా కొందరు మానేస్తుంటారు కాబట్టి, ఈ సంఖ్యను దానితో పోల్చి చూడాలి. 2022 సెప్టెంబరులో యూరప్ ఔషధ సంస్థ, సభ్యదేశాల సంస్థలు ఉమ్మడిగా, యూరప్‌లో అనుమతి పొందిన బయోసిమిలర్లు మూలమందులతో పరస్పరం మార్చదగినవేనని ప్రకటించాయి.

రోగుల భయం పూర్తిగా నిరాధారమని చెప్పడం కూడా సరికాదు. 1998లో యూరప్‌లో రక్తహీనతకు వాడే ఎప్రెక్స్ అనే మందులోని ఒక సహాయక పదార్థాన్ని మార్చిన తరువాత కొందరు రోగులలో ఎర్ర రక్తకణాల ఉత్పత్తి ఆగిపోయింది. అది బయోసిమిలర్ కాదు, మూలమందే. జీవకణాల నుంచి వచ్చే మందులో చిన్న మార్పునైనా నిఘాతో చూడాలన్నది ఆ ఘటన నేర్పిన పాఠం. సూదిమందులోని సిట్రేట్ వల్ల మంట కలగడం మరొక వాస్తవం. సిట్రేట్ లేని మందు నుంచి ఉన్న మందుకు మారిన రోగి ‘ఇది ఎక్కువ మండుతోంది’ అంటే అది భ్రమ కాదు.

5. నోసీబో ప్రభావం:

మందు మేలు చేస్తుందన్న నమ్మకం వల్ల కలిగే మేలు ప్లాసీబో. కీడు చేస్తుందన్న భయం వల్ల కలిగే కీడు నోసీబో. ఈ రెండో పదాన్ని వాల్టర్ కెనడీ 1961లో ప్రవేశపెట్టారు.

నెదర్లాండ్స్‌లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ బయోసిమిలర్‌కు మారిన 192 మందిలో ఆరు నెలలకే 24 శాతం మంది దానిని ఆపివేశారు. వారిలో నొప్పి ఉన్న కీళ్ళ సంఖ్య, రోగి స్వయంగా ఇచ్చే అంచనా పెరిగాయి. వైద్యుడు చూసే వాచిన కీళ్ళ సంఖ్య, రక్తపరీక్షలో తెలిసే సీఆర్‌పీ మారలేదు. తరువాత అక్కడే ఎటనర్సెప్ట్ మార్పిడికి ముందు సిబ్బందికి రోగులతో మాట్లాడే తీరులో శిక్షణ ఇచ్చారు. దాదాపు అందరూ అంగీకరించారు. ఆరు నెలలకు 90 శాతం మంది కొత్త మందునే కొనసాగించారు. మునుపు మూలమందు వాడిన వర్గంలో ఆ సంఖ్య 92 శాతం. మందులు వేరు కనుక ఈ రెండు అధ్యయనాలను నేరుగా పోల్చలేము. అయినా, చెప్పిన తీరు చికిత్సాఫలంలో భాగమన్న సూచన బలమైనది.

నోసీబో అంటే రోగి నటిస్తున్నాడని అర్థం కాదు. ఆ నొప్పి నిజమైనది. కారణం మాత్రమే సీసాలో లేదు. కాబట్టి వివరించే భాష మీద బాధ్యత పెరుగుతుంది.

6. తెలుగులో వివరణ – పదాల సమస్య:

తెలుగులో ‘మందు మార్చారు’ అనే వాక్యానికి పాత మందు పనిచేయలేదనో, రోగం ముదిరిందనో ధ్వని ఉంది. ధర కారణంగా జరిగే మార్పుకు ఆ వాక్యం ఒక్కటే సరిపోదు. కారణాన్ని కూడా వెంటనే చెప్పాలి. ‘చౌక’ శబ్దం విలువనే కాక నాణ్యతనూ స్పృశిస్తుంది. ‘చౌకబారు’ అనే సమాసరూపం అందుకు సాక్ష్యం. ‘తక్కువ ధరకు దొరికే’ అన్నప్పుడు ఆ నింద ఉండదు. ‘నకలు’, ‘నకిలీ’ ఒకే మూలం నుంచి వచ్చిన పదాలు. మొదటిది ప్రతి, రెండోది మోసం. వినేవారి చెవిలో వాటి మధ్య దూరం చాలా తక్కువ. కనుక బయోసిమిలర్‌ను ‘నకలు మందు’ అనడం ప్రమాదకరం. ‘జనరిక్’ అంటే ప్రజలకు సులువుగా అర్థమైనా అది శాస్త్రరీత్యా తప్పు.

‘సదృశ జీవౌషధం’ అన్న పదం శాస్త్రార్థానికి దగ్గరగా ఉంది. న్యాయశాస్త్రంలో సాదృశ్యమంటే ఒక వస్తువు మరొకదానికంటే వేరై ఉంటూనే దాని ధర్మాలను అధికంగా కలిగి ఉండడం. భేదం లేనిచోట సాదృశ్యం లేదు. అక్కడ ఉన్నది అభేదం. ముఖం చంద్రునితో సదృశమనడంలో ముఖం చంద్రుడు కాదన్న ఎరుక ఇమిడి ఉంది. మూలమందుకూ బయోసిమిలర్‌కూ ఉన్న సంబంధం అచ్చంగా ఇదే. ఈ లెక్కన జనరిక్ మందుది అభేదం, బయోసిమిలర్‌ది సాదృశ్యం. పరిభాషగా ‘సదృశ జీవౌషధం’, సంభాషణలో ‘బయోసిమిలర్’ అనే పేరుతోపాటు ‘అదే పని చేసే, అదే తరహా మందు, తయారుచేసే కంపెనీ వేరు’ అన్న వివరణ ఉచితంగా ఉంటాయి.

7. సమ్మతి:

మార్పిడికి ముందు రోగికి కొన్ని విషయాలు తెలియాలి. కారణం ధర అయితే ధర అనే చెప్పాలి. వైద్యకారణమని నమ్మించడం విశ్వాసాన్ని చెరుపుతుంది. కొత్త మందు పేరు, బ్యాచ్ సంఖ్య రాసి ఉంచుకోవాలి. దుష్ఫలితం కనిపిస్తే అది ఏ మందువల్లనో గుర్తించడానికి ఇదే ఆధారం. బ్రిటన్‌లో బయోలాజిక్‌లను బ్రాండు పేరుతోనే రాయాలన్న నియమానికి ఇదే కారణం. సూది వేసుకునే పరికరం మారితే దానిని చేతితో వాడి చూపించాలి, ఎందుకంటే వేళ్ళు వంగని రోగికి మీట నొక్కడమే కష్టం. మార్పుకు ముందు కీళ్ళ స్థితిని కొలిచి నమోదు చేస్తే, తరువాత వచ్చే ఫిర్యాదును దానితో పోల్చి తేల్చవచ్చు. సరిపడకపోతే ఏం చేస్తారో ముందే చెప్పాలి.

మూలమందు పనిచేయడం ఆగిపోయిన రోగికి దాని బయోసిమిలర్ పరిష్కారం కాదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు వ్యతిరేకంగా శరీరంలో పుట్టిన ప్రతిరక్షకాలు దాని బయోసిమిలర్‌నూ అలాగే గుర్తిస్తాయి. అటువంటి రోగికి వేరే మందు కావాలి.

8. ముగింపు:

1. బయోసిమిలర్ జనరిక్ కాదు, నకిలీ కాదు. మూలమందుతో సాదృశ్యం నిరూపించుకున్న స్వతంత్ర ఔషధం.

2. స్థిరంగా ఉన్న రోగిని ఒకసారి మార్చడం వల్ల వ్యాధి ముదురుతుందనడానికి ప్రధాన అధ్యయనాలలో ఆధారం కనిపించలేదు. అయినా మార్పు తరువాత పర్యవేక్షణ తప్పనిసరి.

3. ధర తగ్గడం వల్ల చికిత్స మరింత మందికి అందుతుందన్నది ఇంగ్లండు నిర్ణయాల వల్ల రుజువైంది. ఆదా ఎటు వెళుతున్నదో తెలుసుకునే హక్కు మారిన రోగికి ఉంది.

4. మార్పిడి వైఫల్యంలో కొంత భాగానికి నోసీబో కారణం. దానిని తగ్గించే సాధనం నిజాయితీతో కూడిన వివరణ.

5. ఆ వివరణ రోగి మాతృభాషలో ఉండాలంటే తెలుగులో వైద్యపరిభాషతోపాటు వైద్యసంభాషణ మీద కూడా పరిశోధన జరగాలి. పదానువాదానికి నిఘంటువు చాలు. ‘చౌక’, ‘నకలు’, ‘మార్పు’ వంటి మాటలు రోగి మనసులో ఏ ధ్వని పుట్టిస్తాయో తేల్చడం భాషాసాహిత్య పరిశోధకులు వైద్యులతో కలిసి చేయవలసిన పని.