బొమ్మ రాని చోట మాట ఉండవలెను

పాఠశాల ప్రకటనలు నోటీసుబోర్డును విడిచి ఫోనులోనికి వచ్చిన దినములివి. పరీక్షల పట్టిక, ఫీజు గడువు, వార్షికోత్సవ ఆహ్వానము మున్నగునవి పాఠశాల వెబ్‌సైటునందే తలిదండ్రులకు కనబడుచున్నవి. వీనిలో పెక్కు, ముఖ్యముగా తెలుగు ప్రకటనలు, అక్షరములుగా గాక బొమ్మలుగా వచ్చుచున్నవి. కాగితముపై అచ్చువేసి, దానిని ఫోటో తీసి పెట్టుట సులభమను తలంపే ఇందుకు కారణము. కాని ఆ బొమ్మ తెరపైకి రానిచో ప్రకటనయే లేనట్లగును. కావున బొమ్మ ఎట్లు వచ్చును, ఏల రాదు, రానప్పుడు ఏమి ఉండవలెను అను విషయములను ఇచట విశదపరుపదలచితిమి.

వెబ్ పుట ఒక్క మూటగా రాదు. మొదట అక్షరములు వచ్చును. వాని నడుమ “ఈ చోట ఫలానా బొమ్మ నుంచుము” అను ఆజ్ఞ యుండును. బ్రౌజరు దానిని చదివి, మరల సర్వరును అడిగి ఆ బొమ్మను వేరుగా తెప్పించుకొనును. 1993లో మార్క్ ఆండ్రీసన్ ప్రతిపాదించి మొజాయిక్ బ్రౌజరునందు చేర్చిన ఏర్పాటిది. బొమ్మ వేరుగా రావలసినదగుటచే, పుట వచ్చినను బొమ్మ రాకపోవుట సంభవించుచున్నది.

రాకపోవుటకు ముఖ్యకారణములు మూడు. మొదటిది, ఫైలును తొలగించుట లేక వేరొక చోటికి మార్చుట. అప్పుడు సర్వరు 404 అను సంఖ్యతో “లేదు” అని బదులు చెప్పును. రెండవది, పేరులోని అక్షరభేదము. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరములను విండోస్ సామాన్యముగా ఒకటిగానే ఎంచును. పెక్కు సర్వర్లు నడచు లినక్స్ వానిని వేరుగా ఎంచును. అందుచే కార్యాలయపు కంప్యూటరులో చక్కగా కనబడిన బొమ్మ లోకమునకు కనబడకపోవచ్చును. మూడవది, బరువు. ఫోనుతో తీసిన ఫోటో 3 మెగాబైట్లున్నదనుకొందము. అనగా 24 మెగాబిట్లు. సెకనుకు ఒక మెగాబిట్టు వేగము గల చోట అది వచ్చుటకు 24 సెకన్లు పట్టును. అదే ఫోటోను 100 కిలోబైట్లకు తగ్గించినచో ఒక సెకను లోపుననే వచ్చును.

ఇక నివారణోపాయములు. బొమ్మ వెడల్పు, ఎత్తు ముందుగనే పుటలో వ్రాసినచో బ్రౌజరు ఆ మేర చోటు విడిచి యుంచును. లేనిచో బొమ్మ ఆలస్యముగా వచ్చి చదువుచున్న పంక్తులను క్రిందికి నెట్టును. ఒక మీటను నొక్కబోయి మరియొకటి నొక్కుట ఇందువలననే. క్రింది భాగపు బొమ్మలను చదువరి అచటికి చేరునప్పుడే తెప్పించు సదుపాయమును 2019లో క్రోమ్ బ్రౌజరు ప్రవేశపెట్టినది. ఉత్సవ చిత్రములకిది మేలు. పుట తలభాగమున నుండు బొమ్మకు మాత్రము తగదు. అది వెంటనే రావలసినది గదా!

బొమ్మ రానేరానప్పుడు బ్రౌజరు ఆ సంగతిని పుటకు తెలుపును. అప్పుడు దాని స్థానమున వేరొక చిన్న బొమ్మను పెట్టవచ్చును. ఆ రెండవదియు రాకపోయినచో మరల మరల అడుగుచు అంతులేని చక్రములో పడు ప్రమాదము కలదు. కావున ఒక్కమారు మాత్రమే ప్రయత్నించి మానునట్లు ఏర్పాటు చేయవలెను.

వీనన్నిటికంటె ముఖ్యమైనది బొమ్మకు బదులు మాట. బొమ్మ నుంచు ఆజ్ఞలోనే ‘ఆల్ట్’ అను పేర ఒక వాక్యము వ్రాయు చోటు కలదు. బొమ్మ రానిచో ఆ వాక్యము కనబడును. చూపు లేనివారికి ఫోను దానిని చదివి వినిపించును. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము 1999లో ప్రకటించిన సౌలభ్య సూత్రములలో మొదటిది దీనిని గూర్చినదే. అచట “నోటీసు” అని మాత్రము వ్రాసిన ప్రయోజనము లేదు. “పదవ తరగతి తెలుగు పరీక్ష సోమవారము ఉదయము 10 గంటలకు” అని వ్రాసినచో పని నెరవేరును. ప్రకటన పెద్దదైనచో దానిని పూర్తిగా అక్షరములలోనే పుటలో నుంచి, బొమ్మను అలంకారముగా చేర్చుట ఉత్తమము.

రాష్ట్రేతరాంధ్రులమగు మనకు ఇందులో మరియొక విశేషము కలదు. మనలో ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో తమిళమో కన్నడమో ఒడియాయో మరాఠీయో చదువుకొన్న తలిదండ్రులు పెక్కురు. వారికి తెలుగు వినిన తెలియును, లిపి తెలియదు. ప్రకటన అక్షరములుగా నున్నచో ఫోను దానిని తెలుగులో చదివి వినిపింపగలదు. బొమ్మగా నున్నచో ఆ పని కష్టమగును. బొమ్మయే రానిచో అసాధ్యము. బిడ్డను తెలుగు బడికి పంపిన తల్లి, ఆ బడి పిలుపును అందుకొనలేకపోవుట ఎంత విచారకరము!

తెలుగు లిపికి యూనికోడునందు 1991లోనే స్థానము లభించినది. కావున తెలుగును బొమ్మగా పంపవలసిన అగత్యము నేడు లేదు. తలిదండ్రులు ఖాళీ గడి కనబడినప్పుడు ఊరకుండక పాఠశాలకు తెలుపుదురు గాక. ప్రకటనలను అక్షరములలో నుంచుడని కోరుదురు గాక. ఇందుకు ధనవ్యయము లేదు. కొలది శ్రద్ధ చాలును.